ఎర్రగుడ్డ కట్టిన నడుము

ఆ రోజు పొద్దున కూడా కత్తెరమ్మ సూపర్ మార్కెట్‌కి వెళ్లి ఒక్క ఉల్లిపాయ కొనుక్కొచ్చింది.

వంటింట్లో నిలబడి టీ తాగుతున్న వడ్రంగి, భార్య సంచీలోంచి తీసి గట్టు మీద పెట్టిన ఆ ఉల్లిపాయని చూశాడు. తర్వాత ఇంకేమైనా ఉందేమోనని సంచీలోకి తొంగి చూశాడు. తర్వాత గోడ గడియారం వంక చూశాడు.

"ఎప్పుడనగా వెళ్లావు? దీన్ని కొన్నావా, పండించి తెచ్చావా?"

"మంచివి ఏరుకోవద్దూ?"

"ఏరి ఏరి ఒక్కటి ఏరావన్నమాట. నిన్న అగ్గిపెట్టె, మొన్న నిమ్మకాయ. ఈ లెక్కన ఇంట్లోకి నెల సరుకులు రావాలంటే నేను ఇంకో జన్మ ఎత్తాలి."

"ఎత్తండి. అప్పటికైనా టీ గ్లాసు కడిగి పెట్టడం వస్తుందేమో."

బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటున్న కోడలికి నవ్వొచ్చి పొలమారింది. ఆ అమ్మాయి పిల్లలకి ఈత నేర్పుతుంది. కొలనులో పాతికమంది పిల్లల అల్లరిని దాటి వినపడాలి కాబట్టి గొంతు పెద్దది. ఇంట్లో కూడా దాన్ని తగ్గించడం మరిచిపోతుంటుంది. మొగుడు రైలింజను నడుపుతాడు. ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ ఉంటాడు. అందుకని ఈ ఇంట్లో రోజూ జరిగే వినోదానికి ప్రేక్షకురాలు కోడలొక్కతే.

ఇల్లు చిన్నదే. వీధి వైపు గదిలో కత్తెరమ్మ పిల్లలకి జుట్టు కత్తిరిస్తుంది. ఎంత మొండి పిల్లాడైనా ఆవిడ కుర్చీలో కూర్చుంటే కిమ్మనడు. ఆ పేరు కూడా పిల్లలు పెట్టిందే. మనిషి ఐదడుగులు కూడా ఉండదు కాబట్టి తమలో ఒకతెనే అనుకుంటారో ఏమో. పెరటి వైపు రేకుల షెడ్డులో ఆయన కుర్చీలూ బల్లలూ చేస్తాడు, విరిగినవి బాగుచేస్తాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు. పెళ్లి ఫొటోలో ఆవిణ్ని పీట మీద నిలబెట్టారు. ఆ పీట ఆయనే చేశాడు. ఇప్పటికీ చెప్పుకుంటాడు.

రెండేళ్లుగా కత్తెరమ్మకి నడుం దగ్గర మొదలై కాలి మడమ దాకా ఒకటే లాగుడు. కాసేపు నిలబడితే చాలు, కాళ్లు తనవి కానట్టు అయిపోతాయి. కూర్చుంటే తగ్గుతుంది, లేస్తే మళ్లీ మొదలు. వీధి చివర డాక్టరు స్కాన్ తీయించాడు. ఒక వెన్నుపూస ముందుకి జారి నరాన్ని నొక్కుతోందన్నాడు. మాత్రలు మింగింది. నెలల తరబడి వ్యాయామాలు చేసింది. వెన్నులోకి సూది కూడా వేయించుకుంది. కొన్నాళ్లు బాగానే ఉండి, నొప్పి మళ్లీ తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చేసింది. చివరికి ఆ డాక్టరే, "ఆ రెండు పూసల్నీ కలిపి అతికించే ఆపరేషన్ ఒకటుంది. ఫ్యూజన్ అంటారు. మంచి సర్జన్ని చూసుకుని మాట్లాడండి" అని పంపించాడు.

మంచి సర్జన్ని చూసుకోమనడం తేలికే, దొరకడమే కష్టం. ఆపరేషన్ అన్న మాట వినపడగానే వీధిలో ప్రతివాళ్లూ సగం డాక్టర్లయిపోయారు. పాలావిడ వద్దంది. పేపరబ్బాయి వాళ్ల నాన్న చేయించుకోమన్నాడు. ఎదురింటాయన నేల మీద పడుకుంటే చాలన్నాడు, ఆయన మాత్రం మెత్తటి పరుపు మీద పడుకుంటాడు.

మొదట చూపించుకున్న సర్జన్ చాలా పేరున్నాయన. గది బయట సంతలా జనం. ఆయన స్కాన్ వంక చూశాడు గానీ కత్తెరమ్మ వంక చూడలేదు. "గురువారం చేసేద్దాం" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపు ఇంకొకరి పేరు పిలిచేశారు. ఆ కాసేపట్లోనే వడ్రంగి ఒక కాగితం మడిచి ఆ సర్జన్ టేబుల్ కాలి కింద పెట్టాడు. బయటికొచ్చాక తీర్పు చెప్పాడు.

"టేబుల్ ఊగుతోందే. టేబుల్ కాలు నిలబెట్టుకోలేనివాడు నీ నడుమేం నిలబెడతాడు?"

రెండో ఆయన నవ్వు ముఖం. అస్సలు భయం లేదన్నాడు. నొప్పనేదే ఉండదన్నాడు. రెండు నెలల్లో పరుగు పందెంలో పాల్గొనొచ్చన్నాడు. "నేను బాగున్నప్పుడే పరిగెత్తలేదు బాబూ" అంది కత్తెరమ్మ. ఇబ్బందులేమైనా వస్తాయా అని కోడలు అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా, నాకొదిలేయండి" అన్నాడు. ఆ మాట కత్తెరమ్మకి ఎందుకో నచ్చలేదు. వడ్రంగికి నచ్చనిది మాత్రం తలుపు.

"బిగుసుకుపోయింది చూశావా? తలుపు మూయడం రానివాడు రేపు నీ వీపు కోసి సరిగ్గా మూస్తాడా?"

ఆయన వృత్తి చాదస్తమని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే, ఆయన ఒక్కొక్క సర్జన్నీ తీసిపారేసినప్పుడల్లా కత్తెరమ్మకి లోపల్లోపల హాయిగా కూడా ఉండేది. వీపు మీద కత్తి పడుతుందంటే ఎవరికి భయముండదు? కానీ పోయిన వారం ఒక చిన్నపిల్లకి జుట్టు కత్తిరిస్తుండగా కుడికాలు ఒక్కసారిగా చచ్చుబడిపోయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుంది గానీ, పని ముగించలేకపోయింది. ఆ పిల్ల ఒకవైపు చెవి దాకా, ఇంకోవైపు భుజం దాకా జుట్టుతో అద్దంలో చూసుకుని, "ఇలాగే బావుంది కత్తెరమ్మా" అంటూ ఓదార్చింది. పిల్ల వెళ్లాక ఆవిడ తలుపేసుకుని ఏడ్చింది. ఆ కుర్చీ వెనక నిలబడలేకపోతే తనకిక తనంటూ ఏం మిగులుతుందని భయం పట్టుకుంది.

ఆ సంగతి తెలిశాక కోడలు రంగంలోకి దిగింది. వీధిలో వాళ్లని అడగడం మానేసి, అత్తగారికి వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయిని పట్టుకుని ఒక్కటే ప్రశ్న అడిగింది. "మీ అమ్మకైతే ఎవరి దగ్గర చేయిస్తావు?" ఆ అమ్మాయి ఆలోచించకుండా ఒక సర్జనమ్మ పేరు చెప్పింది. కోడలి కొలనుకి ఈతకొచ్చే ఒకావిడ కూడా అక్కడే చేయించుకుందని తేలింది. కోడలు ఆవిడ ఈత కొడుతుంటే గట్టు మీద నడుస్తూ సందేహాలన్నీ తీర్చుకుంది. వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఆ అపాయింట్‌మెంట్ రేపు. ఉల్లిపాయ గురించిన వాదన ఇంకా ముగియకముందే వడ్రంగి షెడ్డులోకి జారుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. కత్తెరమ్మ తీసింది.

"అమ్మా, ఆస్పత్రి నుంచి. రేపటి అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారు కదా, వేరే రోజేమైనా కావాలా అని అడుగుదామని."

"మేం రద్దు చేసుకోలేదే."

"నిన్న మీవారు ఫోన్ చేశారమ్మా. మీకు తగ్గిపోయిందన్నారు."

కత్తెరమ్మ పెరటి తలుపు వంక చూసింది. తర్వాత, "ఆయనకి మతిమరుపు. రేపు మేం వస్తున్నాం" అని పెట్టేసింది. కోడలు ఆవిడ ముఖం చూసింది గానీ ఏమైందని అడిగే ధైర్యం చేయలేదు. కత్తెరమ్మ గోడ పట్టుకుంటూ, గుమ్మం పట్టుకుంటూ పెరట్లోకి నడిచింది.

షెడ్డులో ఒక కుర్చీకి నాలుగు వైపులా అతుకుల్ని నొక్కిపట్టే ఇనుప క్లాంపులు బిగించి ఉన్నాయి. దాని వెన్నుకి చిన్న ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది. ఆ షెడ్డులో అదొక శాసనం. జిగురు పెట్టి క్లాంపులు బిగించిన దేనికైనా ఆయన ఎర్రగుడ్డ కడతాడు. గుడ్డ ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొన్నవాళ్లు వచ్చి తల బాదుకున్నా సరే, ఆరేదాకా ఇవ్వడు.

"ఏవండీ."

"జిగురు పెట్టాను. ఇప్పుడు మాట్లాడించకు."

"జిగురుకి చెవులేం లేవు లెండి. నాకు ఎప్పుడు తగ్గిపోయింది?"

చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన తలెత్తలేదు.

"అడిగేది మిమ్మల్నే. ఆస్పత్రికి ఫోన్ చేసి తగ్గిపోయిందని చెప్పారట. టేబుల్ ఊగిందన్నారు, ఊరుకున్నాను. తలుపు బిగుసుకుందన్నారు, నవ్వుకున్నాను. ఈవిణ్ని చూడనైనా చూడలేదు. ఈవిడ గదిలో కిటికీ బాలేదని కలొచ్చిందా?"

"అది కాదే..."

"మరేది? నడుం నాది. నొప్పి నాది. చేయించుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది నేను. నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

ముక్కు మీద కోపమే గానీ, భర్త మీద ఇంత కోపం ఆవిడకి ఎన్నడూ రాలేదు. వడ్రంగి చిత్రిక పక్కన పెట్టి, షెడ్డు మూలకి వెళ్లి, దుమ్ము పట్టిన ఒక ఊగుడు కుర్చీని లాక్కొచ్చాడు.

"ఇది చూడు. దీని వెన్ను వదులైందని తెచ్చారు. ఇనుప పట్టీ వేసి, స్క్రూలు బిగించి పంపించాను. రాయిలా నిలబడింది. మూడేళ్లకి మళ్లీ తిరిగొచ్చింది. నేను బిగించింది విరగలేదే. దాని పైది విరిగింది. ఒకచోట కదలకుండా చేస్తే బరువంతా పక్కదాని మీద పడుతుంది. నేను చేసిన ప్రతిదానికీ ఇదే జరిగింది. ఇప్పుడు వాళ్లు నీ వెన్నులోనూ అదే చేస్తామంటున్నారు."

"నేనేమన్నా కుర్చీనా?"

"కుర్చీవైతే నాకింత భయమెందుకే? విరిగితే ఇంకోటి చేసుకునేవాణ్ని."

ఆయన కళ్లు చెమర్చాయి. అంత పొడుగు మనిషి ఆ చిన్న షెడ్డులో ఎటు తిరగాలో తెలియక రంపపు పొట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. కత్తెరమ్మ కోపం సగం కారిపోయింది. కానీ మిగిలిన సగంతోనే చెప్పాల్సింది చెప్పేసింది.

"నేను సూపర్ మార్కెట్‌కి ఎందుకెళుతున్నానో తెలుసా?"

"ఉల్లిపాయకి."

"నడవడానికి. అక్కడ ట్రాలీ ఉంటుంది కదా. దాని మీదికి కాస్త వంగి తోసుకుంటూ పోతుంటే నొప్పుండదు. పప్పుల వరస, సబ్బుల వరస, మళ్లీ పప్పుల వరస. ఖాళీ ట్రాలీయే తోస్తుంటాను. నాకు నడవడానికి మిగిలిన చోటు లోకంలో అదొక్కటే. ఊరికే వచ్చేస్తే అక్కడి అమ్మాయి ఏమనుకుంటుందోనని ఏదో ఒకటి కొంటాను."

వడ్రంగి ఆ ఊగుడు కుర్చీలోనే కూలబడ్డాడు. అది కిర్రుమంది. నిమ్మకాయ గురించీ అగ్గిపెట్టె గురించీ తను వేసిన జోకులన్నీ ఆయనకి ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంట్లో తిరగడానికి ఒక ట్రాలీ చేసి పెట్టేవారు. ఇక ఆపరేషన్ అవసరమే లేదనేవారు."

నిజానికి ఆ క్షణంలో ఆయన మనసులో సరిగ్గా అదే ట్రాలీకి కొలతలు తయారవుతున్నాయి.

"రేపు నువ్వెళ్లు. నేనూ వస్తాను. కానీ అడగాల్సింది అడుగుతాను" అన్నాడు చివరికి.

"అడగండి. ఫోన్ మాత్రం చేయకండి."

మర్నాడు ముగ్గురూ ఆ సర్జనమ్మ గదిలోకి వెళ్లగానే వడ్రంగి అలవాటు ప్రకారం టేబుల్ మీద చెయ్యేసి నొక్కాడు. కదల్లేదు. తలుపు వెన్నలా మూసుకుంది. వంక పెట్టడానికి ఇక ఏమీ దొరక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సర్జనమ్మ స్కాన్ తెరవలేదు. "అమ్మా, ముందు మనిద్దరం కాసేపు నడుద్దాం" అంటూ లేచింది. వరండాలో కత్తెరమ్మ పక్కనే నడుస్తూ, కాళ్లు ఎప్పుడు మొరాయిస్తున్నాయో, ఎక్కడ తిమ్మిరెక్కుతోందో అడిగింది. తిరిగి గది గుమ్మం దాకా వచ్చాక, "సూపర్ మార్కెట్లో ట్రాలీ తోస్తుంటే ఎలా ఉంటుంది?" అంది.

కత్తెరమ్మ ఠక్కున ఆగిపోయింది. "మీకెవరు చెప్పారు?" అని కోడలి వంక చూసింది. కోడలు తనకేం తెలియదన్నట్టు చేతులు తిప్పింది.

"ఎవరూ చెప్పలేదమ్మా. ముందుకి వంగితే నరానికి దారి కాస్త విశాలమవుతుంది. మీలాంటి వాళ్లు చాలామంది అలాగే నడుస్తారు."

అంతే, కత్తెరమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. ఇన్నాళ్లూ తనకొక్కదానికే పట్టిన పిచ్చనుకుంది. ఇంకా ఎంతోమంది ఎక్కడెక్కడో ఖాళీ ట్రాలీలు తోసుకుంటూ తిరుగుతున్నారని తెలిసేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తర్వాత స్కాన్ చూశారు. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. ఇలాంటివి ఎప్పుడూ చేస్తుంటారా అని కోడలు అడిగితే, చేయని వారం లేదంది. కోసేది మీరేనా, మీ శిష్యులా అంటే, నేనే, సాయానికి ఒకరుంటారంది. బాగుపడనివాళ్లున్నారా అని వడ్రంగి సూటిగా అడిగాడు.

"ఉన్నారండీ. కొందరికి ఎముక అతుక్కోక ఇంకోసారి చేయాల్సొచ్చింది. కొందరికి పుండులో చీము పట్టింది. ఒకావిడకి కాలినొప్పి పోయింది గానీ నడుంనొప్పి అలాగే ఉంది. ఇప్పటికీ నా మీద కోపంగానే ఉంటుంది."

వడ్రంగి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఊగుడు కుర్చీ కథంతా చెప్పాడు. సర్జనమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"మీరన్నది నిజమే. ఏళ్లు గడిచాక కొందరికి పైపూస అరుగుతుంది. రాదని నేను మాటివ్వలేను. కానీ ఒక్క తేడా ఉందండీ. మీ చెక్క చెట్టు నరికిన రోజే చచ్చిపోయింది. ఈవిడ ఎముక బతికుంది. మేం వేసే స్క్రూలూ కడ్డీలూ పట్టుకుని ఉంటాయంతే. పూసల మధ్య ఎముక ముక్కలు పెడతాం. అవి పెరిగి రెండిటినీ ఒకటి చేయాలి. అతికేది ఎముకే."

వడ్రంగి ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది. "అంటే స్క్రూలు క్లాంపులన్నమాట. జిగురేమో ఎముక."

"సరిగ్గా చెప్పారు."

"ఆరడానికి ఎన్నాళ్లు?"

"నెలలు పడుతుంది. ఒక్కొక్కరికి ఏడాది కూడా. అప్పటిదాకా నడుం వంచకూడదు, బరువెత్తకూడదు, మెలి తిరగకూడదు. నడక మాత్రం రోజూ ఉండాలి. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు, ఆ పొగ ఎముకకి పడదు."

"తర్వాత క్లాంపులు ఎప్పుడు తీస్తారు?"

"తీయమండీ. లోపలే ఉండిపోతాయి."

"క్లాంపులు వదిలేసి ఇంటికి పంపించేస్తారా? నా షెడ్డులో ఎవడైనా అలా చేస్తే ఆ రోజే పనిలోంచి తీసేస్తాను!"

సర్జనమ్మ పకపకా నవ్వేసింది. కత్తెరమ్మ మాత్రం నవ్వలేదు. తను అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది. "పిల్లలకి జుట్టు కత్తిరించగలనా అమ్మా?"

"నిలబడి కత్తిరిస్తారనే నా ఆశ. మధ్యమధ్య కూర్చోవాలి. నడుం మునుపటిలా వంగదు, తుంటి దగ్గర్నుంచి వంగడం నేర్చుకోవాలి. మొదటి రోజులు బాగా కష్టంగా ఉంటాయి. ఇదంతా ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ల నడుం ఇవ్వలేను. నడిచే నడుం ఇవ్వడానికి ప్రయత్నిస్తాను. తొందరేం లేదు. ఇంకొకరికి కూడా చూపించుకుని రండి, నేనేం అనుకోను."

"ఇద్దరికి చూపించాం. టేబుళ్లు బాలేవు" అన్నాడు వడ్రంగి.

"మీరేమంటారమ్మా?" అంది సర్జనమ్మ, కత్తెరమ్మ వైపే చూస్తూ.

వడ్రంగి నోరు తెరిచాడు. భార్య ముఖం చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన అలా నోరు మూసుకోవడం కోడలు మొదటిసారి చూసింది.

"మీ చేతే చేయించుకుంటాను" అంది కత్తెరమ్మ.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి వడ్రంగికి పూనకం వచ్చినంత పనైంది. ఆవిడ వంగకూడదు కదా అని కింద అరల్లో ఉన్నవన్నీ పైకెక్కించాడు. వంటింటి గట్టు ఎత్తు పెంచాడు. మంచానికి కాళ్లు పెంచాడు. గిన్నెలకి కొక్కేలు, చెప్పులకి గోడ మీద అర, ఆఖరికి చెత్తబుట్టకి కూడా ఒక బల్ల చేశాడు. మూడు రోజులు సుత్తి చప్పుడు ఆగలేదు. అంతా అయ్యాక భార్యని పిలిచి, మహారాజులా చెయ్యి చాపి చూపించాడు.

కత్తెరమ్మ వెళ్లి గట్టు ముందు నిలబడింది. గట్టు ఆవిడ గడ్డం దాకా వచ్చింది. టీ గ్లాసు కోసం చెయ్యి చాపితే వేలి కొసలు కొక్కేనికి జానెడు కిందే ఆగిపోయాయి. మంచం ఎక్కాలంటే పెళ్లి ఫొటోలో పీట కావాలి.

"మావయ్యా, కొలతలు ఎవరివి తీసుకున్నారు?" అంది కోడలు.

వడ్రంగి గట్టు దగ్గర నిలబడి చూసుకున్నాడు. అన్నీ ఆయన ఎత్తుకి సరిగ్గా సరిపోయాయి. లోకంలో ఉన్న కుర్చీలన్నీ కొలిచిన మనిషి కట్టుకున్న పెళ్లాన్ని కొలవలేదు. కోడలు కొలనులో ఊదే ఈల తీసి ఒక్క ఊదు ఊదింది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. కత్తెరమ్మకి నవ్వితే నడుం లాగింది, అయినా ఆపుకోలేకపోయింది. ఆ సాయంత్రం ఆయన భార్యని గోడకి ఆనించి నిలబెట్టి, పెన్సిల్‌తో భుజం దగ్గరా మోచేయి దగ్గరా గుర్తులు పెట్టుకుని, అన్నిటినీ మళ్లీ కిందికి దించాడు.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద పడుకున్న భార్య చెయ్యి పట్టుకుని వడ్రంగి తలుపు దాకా నడిచాడు. "భయంగా ఉందా?" అన్నాడు. "మీకంటే తక్కువే" అందావిడ. ఆ తలుపు మూసుకున్నాక ఆయన వరండాలో ఉన్న బెంచీల స్క్రూలన్నీ వేలితో తడుముతూ తిరిగాడు. వదులుగా ఉన్నవి ఎన్నో ఆస్పత్రి వాళ్లకి చెప్పాడు కూడా. సర్జనమ్మ బయటికొచ్చి, అనుకున్నట్టే జరిగింది, కాళ్లు కదుపుతోంది అని చెప్పాక గానీ ఆయనకి ఊపిరి తిన్నగా ఆడలేదు.

మర్నాడే ఆవిణ్ని లేపి నిలబెట్టారు. కాలి లాగుడు మాయమైంది. కానీ వీపు నొప్పి మాత్రం సర్జనమ్మ చెప్పినట్టే ప్రాణాలు తోడేసింది. ఒకరోజు ఆవిడ నిజంగానే ఏడ్చేసింది. "మీ మాట విన్నా బాగుండేది" అంది భర్తతో. ఆ మాట పట్టుకుని ఆయన ఏమన్నా అనొచ్చు. అనలేదు. "ఇలా ఉంటుందని ఆవిడ ముందే చెప్పింది కదే. చెప్పిందంతా జరుగుతోందంటే మిగతాదీ జరుగుతుంది" అన్నాడు. ఆపరేషన్ వద్దని ఫోన్ చేసిన నోటితోనే ఆ మాటొచ్చింది. కత్తెరమ్మకి మందుల కంటే అదే ఎక్కువ పనిచేసింది.

పక్క మీద తిరగడం నర్సు నేర్పింది. భుజమూ తుంటీ ఒకేసారి కదలాలి, మధ్యలో మెలిక పడకూడదు. "దుంగ దొర్లినట్టు దొర్లాలమ్మా" అంది.

"దుంగ గురించి మాకు చెప్పకమ్మా" అని వడ్రంగి చొక్కా చేతులు మడిచాడు. "మానులనే దొర్లించాను. ఈవిడెంత!"

ఇంటికి బయల్దేరే రోజు నడుముకి గట్టి పట్టీ బిగించారు. వడ్రంగి జేబులోంచి ఎర్రగుడ్డ ముక్క తీశాడు. ఎవరినీ అడక్కుండా ఆ పట్టీకి వెనక కట్టాడు.

"ఏంటండీ ఇది, అందరూ చూస్తారు."

"చూడాలనే. జిగురు ఆరుతోంది. ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు కూడా."

ఆ గుడ్డ మహిమ అంతా ఇంతా కాదు. ఆవిడ కింద పడిన దువ్వెన కోసం వంగబోతే చాలు, వెనక నుంచి "ఎర్రగుడ్డా!" అని కేక వినపడేది. కోడలు దానికి ఈల కూడా జోడించింది. సెలవు మీద వచ్చిన కొడుకు ఎర్రగుడ్డ కనపడితే రైలే ఆపాలన్నాడు. జుట్టు కోసం వచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడి, కత్తెరమ్మ ఇంకా ఆరలేదా అని అడిగి వెళ్లేవాళ్లు. చిరాకు పడే రోజులూ ఉన్నాయి. కూర్చోబెట్టి అన్నీ చేతికందిస్తుంటే ఆవిడకి ఒంటికాలి మీద లేవాలనిపించేది, ఆ లేవడానికీ అనుమతి కావాల్సొచ్చేది. కానీ రోజూ వీధిలో భర్త చెయ్యి పట్టుకుని నడిచేది. మొదట మూడిళ్ల దాకా, తర్వాత మలుపు దాకా. పట్టీ తీసేయమన్నాక ఆయన ఆ గుడ్డని జుట్టు కత్తిరించే కుర్చీకి కట్టాడు. సర్జనమ్మ చెప్పేదాకా అది తీయనన్నాడు.

చాలా నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేని సర్జనమ్మ వెలుగు పలక మీద పెట్టింది. వడ్రంగి అద్దాలు సర్దుకుని ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లాడు. స్క్రూలు చూశాడు, కడ్డీలు చూశాడు. వాటి మధ్య ఒక పూస నుంచి ఇంకో పూసలోకి తెల్లగా, ఏకంగా సాగిపోయిన ఎముకని చూశాడు.

"అతుకు కనపడడం లేదమ్మా" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ, తనకి కూడా, ఎన్నడూ దక్కలేదు. సర్జనమ్మకి అది అర్థమైంది కాబోలు, లేచి నిలబడి మరీ ఆయనతో చెయ్యి కలిపింది.

ఇంటికొచ్చి ఆయన కుర్చీకున్న ఎర్రగుడ్డ ముడి విప్పబోయాడు. నెలల తరబడి బిగుసుకున్న ముడి ఊడలేదు. కత్తెరమ్మ కత్తెర తీసుకుని ఒక్క కత్తిరింపులో తెంపేసి, ఆ ముక్కని ఆయన జేబులో పెట్టింది. ఆ సాయంత్రమే అప్పుడు సగం క్షవరంతో వెళ్లిన పిల్ల వచ్చింది. ఆవిడ నిలబడి రెండు వైపులా సమానంగా కత్తిరించింది. పిల్ల అద్దంలో చూసుకుని, అప్పటిదే బావుండేది అంది.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి సూపర్ మార్కెట్‌కి వెళ్లారు. గుమ్మం దగ్గరున్న అమ్మాయి కత్తెరమ్మని చూసి ముఖం విప్పార్చుకుంది. "ఎన్నాళ్లైందమ్మా మీరొచ్చి! మీ ట్రాలీ ఇదిగో" అంటూ ఒకటి లాగి ముందుకి తోసింది. దాని పిడికి అరిగిపోయిన మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. "రోజూ దీన్నే తీసుకునేవారండీ. చేతులు ఒరుసుకుపోతున్నాయని చూసి నేనే గుడ్డ చుట్టాను" అని వడ్రంగితో చెప్పింది.

వడ్రంగి ఆ పిడిని పట్టుకుని నిలబడిపోయాడు. తన ఇంట్లో తను చూడనిది ఈ అమ్మాయి చూసింది. అరిగిన ఆ గుడ్డని ఒకసారి నిమిరి ట్రాలీని భార్య ముందుకి జరిపాడు.

కత్తెరమ్మ దాన్ని మెల్లగా పక్కకి నెట్టేసింది. వీపు నిటారుగా పెట్టి, భర్త చేతిలో చెయ్యి వేసి పప్పుల వరసలోకి నడిచింది. సబ్బుల వరస దాటింది. కూరగాయల దగ్గర ఆగి, అటూ ఇటూ ఏరి, ఒక్కటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఒక్క ఉల్లిపాయకి ట్రాలీ ఎందుకండీ?"